బూజుపట్టిన రొట్టె

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 9వ అధ్యాయము, యోబు 13:7–10, నిర్గమకాండము 18:13–26



యెరికోకును హాయికిని పట్టిన గతిని విని గిబియోను నివాసులు భయపడిరి. యుద్ధము చేసి గెలువలేమని వారికి తెలియును. అందుచేత ఒక ఉపాయము పన్నిరి. గాడిదలమీద పాత గోనెలు వేసిరి. చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు తెచ్చిరి. మాసికలు వేసిన చెప్పులు తొడుగుకొనిరి. ఎండి బూజుపట్టిన రొట్టెలు కట్టుకొని గిల్గాలులోని పాళెమునకు వచ్చి, తాము బహు దూరదేశమునుండి వచ్చినవారమనియు, తమతో నిబంధన చేసికొనవలెననియు అడిగిరి. బయలుదేరిన దినమున ఈ రొట్టె వేడిగా ఉండెనని చెప్పి చూపిరి. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెను చూచిరి, తిత్తులను చూచిరి, నమ్మిరి. దేవుని యొద్ద విచారింపక ప్రమాణము చేసిరి. మూడు దినములు గడచిన పిమ్మట, ఈ దూరదేశపువారు తమ పొరుగువారేయని తెలిసినది.

ఈ పెద్దల తప్పు ఏమి? సాక్ష్యము లేకుండ ప్రమాణము చేసిరని మనము చెప్పలేము. సాక్ష్యము వారి చేతిలోనే ఉండెను. రొట్టె నిజముగా బూజుపట్టినదే, చెప్పులు నిజముగా అరిగినవే. అయితే ఆ రొట్టె ఎక్కడ కాల్చినదో ఎవరును వెళ్లి చూడలేదు. కంటికి సరిపోయిన సాక్ష్యమును, పరీక్షకు నిలిచిన సాక్ష్యముగా ఎంచిరి. మూడు దినములు ఓర్చియుండినయెడల సత్యము వారి ముంగిటికే వచ్చియుండును.

ఈ మాసము ఈ భాగమును మీ యెదుట పెట్టుటకు ఒక కారణము కలదు. కృత్రిమ మేధ అని చెప్పబడు యంత్రము, ఏఐ అని మన పిల్లలు పిలుచునది, ఇప్పుడు న్యాయస్థానముల గడపలో కూడ అడుగుపెట్టినది. వకీళ్లు దానిచేత దరఖాస్తులు వ్రాయించుకొనుచున్నారు. కక్షిదారులు సెల్‌ఫోనులో తెలుగున అడిగి న్యాయసలహా తెలిసికొనుచున్నారు. మన మహమ్మద్ నగర్ వంటి ఊళ్లలో భూమి పంపకము, గెట్టు తగాదా, చెల్లని చెక్కు, మోటారు ప్రమాదపు నష్టపరిహారము మొదలైనవాటి విషయమై కోర్టు మెట్లు ఎక్కని కుటుంబములు తక్కువ. ఆరాధన ముగిసిన తరువాత కోర్టు నోటీసు పట్టుకొని, అయ్యగారూ ఇందులో ఏమి వ్రాసియున్నది అని అడుగువారు ప్రతి సంఘములో ఉన్నారు. గనుక ఇది పట్టణములోని చదువుకొన్నవారి సంగతి, మనకు పని లేదు అనుకొనరాదు.

విజయవాడలో జరిగినది

తెలుగు నేలమీదనే జరిగిన ఒక సంగతి చెప్పెదను. విజయవాడలోని ఒక సివిల్ కోర్టులో స్థలమునుగూర్చిన దావా నడుచుచుండెను. ఆ స్థలమును చూచి నివేదిక ఇచ్చుటకు కోర్టు ఒక అడ్వకేటు కమీషనరును నియమించెను. ఆ నివేదిక సరికాదని ఒక పక్షమువారు ఆక్షేపించిరి. 2025 ఆగస్టులో కోర్టు వారి ఆక్షేపణలను త్రోసివేసి, తన మాటకు ఆధారముగా నాలుగు పూర్వపు తీర్పులను చూపెను. వాదుల పేర్లు, ప్రతివాదుల పేర్లు, సంవత్సరము, అన్నియు క్రమముగానే ఉండెను. ఓడిన పక్షమువారు వాటిని వెదకిరి. ఎక్కడను కనబడలేదు. ఆ నాలుగు తీర్పులును ఏ న్యాయమూర్తియు ఎన్నడును ఇచ్చినవి కావు. ఏఐ యంత్రము కల్పించినవి.

వారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించిరి. హైకోర్టు అడిగినప్పుడు క్రింది కోర్టునుండి వచ్చిన సమాధానము ఏమనగా, ఆ సాధనమును మొదటిసారి వాడుట జరిగినదనియు, అది చూపిన తీర్పులు నిజమైనవేయని నమ్మితిమనియు. 2026 జనవరిలో హైకోర్టు, యంత్రముపట్ల జాగ్రత్త అవసరమని హెచ్చరించినను, క్రింది కోర్టు అనుసరించిన న్యాయసూత్రము సరియైనదే గనుక ఉత్తర్వును రద్దుచేయ నక్కరలేదని చెప్పెను. సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లెను. 2026 ఫిబ్రవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము దీనిని వేరుగా చూచెను. లేని తీర్పులమీద నిలిపిన నిర్ణయము కేవలము తీర్పులో దొర్లిన పొరపాటు కాదనియు, అది దుష్ప్రవర్తన యగుననియు, దానికి తగిన ఫలితము ఉండుననియు చెప్పి, అటార్నీ జనరలుకును బార్ కౌన్సిలుకును నోటీసులు పంపెను.

ఇది మన దేశమునకే వచ్చిన రోగము కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరములో 2023వ సంవత్సరమున ఒక విమానయాన కంపెనీమీద వేసిన దావాలో వకీళ్లు ఇట్టి కల్పిత తీర్పులను కోర్టులో దాఖలు చేసిరి. అందులో ఒక వకీలు, ఇది నిజమైన తీర్పేనా అని ఆ యంత్రమునే తిరిగి అడిగెను. నిజమైనదే అని అది చెప్పెను. ఒక సాక్షిని గూర్చి ఆ సాక్షినే అడిగినట్లాయెను. ఒక్క సాక్షి నోటిమాటమీద సంగతి స్థిరపడదని మోషే ధర్మశాస్త్రము చెప్పుట ఇందుకే (ద్వితీ. 19:15). న్యాయమూర్తి వారికి 5,000 డాలర్ల జరిమానా విధించుటయే గాక, ఏ న్యాయమూర్తుల పేర్లమీద ఆ దొంగ తీర్పులు పుట్టినవో ఆ న్యాయమూర్తులందరికి ఉత్తరములు వ్రాసి సంగతి తెలుపవలెనని ఆజ్ఞాపించెను.

యంత్రము ఎందుకు కల్పించును?

కొందరు, యంత్రము అబద్ధమాడునా అని ఆశ్చర్యపడుదురు. అబద్ధమాడుటకు సత్యము తెలిసియుండవలెను. ఈ యంత్రము చేయునది వేరు. అది లెక్కకు మించిన పుటలు చదివి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో నేర్చుకొన్నది. మనము ప్రశ్న వేయగా, సహజముగా తోచు మాటలను ఒకదాని వెంట ఒకటి పేర్చును.

రిజిస్ట్రేషను ఆఫీసు దగ్గర ఇరువది ఏండ్లు దస్తావేజులు వ్రాసిన మనిషిని తలచుకొనుడి. అమ్మువాని పేరు ఎక్కడ వచ్చునో, సర్వే నంబరు ఎక్కడ వ్రాయవలెనో, తూర్పు పడమర ఉత్తర దక్షిణ హద్దులు ఏ వరుసలో చెప్పవలెనో అతనికి కంఠస్థము. అట్టివాడు పొలము చూడక, పహాణీ తెరువక, పాసుపుస్తకము అడుగక, తనకు తోచిన నంబరును తోచిన హద్దులను వ్రాసినాడనుకొనుడి. దస్తావేజు చూచుటకు చక్కగానే ఉండును. ఒక్క అక్షరము తప్పు కనబడదు. అయితే అందులో చెప్పిన పొలము భూమిమీద ఉండదు.

యంత్రము తెచ్చిన దొంగ తీర్పు అట్టిదే. తీర్పు రూపము దానికి బాగుగా తెలియును. తీర్పు ఉన్నదా లేదా అన్నది దాని ప్రశ్న కాదు. నిజమైన తీర్పుల పుస్తకములకు జతచేసిన యంత్రములు కూడ ఇప్పుడు ఉన్నవి. అవి కొంత మేలు. అయినను అవియు తప్పిపోవుచునే యున్నవి. అన్నిటికంటె చిక్కు ఏమనగా, నిజము చెప్పునప్పుడును కల్పించునప్పుడును దాని గొంతు ఒక్కటే. తడబాటు లేదు, తల వంచుట లేదు. పౌలుమీద ఫేలిక్సు యెదుట ఫిర్యాదు చేసిన తెర్తుల్లు అను వకీలు నోట కూడ మాటలు తేనెవలె ఒలికినవి (అపొ. 24:1–8). పౌలు దానికి ఇచ్చిన ప్రత్యుత్తరము చిన్నది: వీరు చెప్పునది రుజువు చేయలేరు. న్యాయస్థానములో మాట తీపి కాదు, రుజువే బలము.

తీర్పు సరియైనదైతే కీడు ఏమి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదము. న్యాయసూత్రము సరియైనదే, తీర్పు కూడ సరియైనదే అయినయెడల, మధ్యలో చూపిన ఆధారము కల్పితమైతే ఎవరికి నష్టము? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. హైకోర్టు దృష్టిలో కూడ ఒక న్యాయము కలదు. ఆధారము చెడినందున సరియైన ఉత్తర్వును కొట్టివేసినయెడల, ఏ తప్పు చేయని గెలిచిన పక్షము మరల సంవత్సరములు తిరుగవలసి వచ్చును. కేసు ఆలస్యమగుటలో బీదవానికి కలుగు కీడు ఎంతటిదో మనకు తెలియును.

అయినను పరిశుద్ధ గ్రంథము మనలను మరియొక మెట్టు దింపి ఆలోచింపజేయుచున్నది. యోబు స్నేహితులు దేవుని పక్షమున మాటలాడిరి. దేవుడు న్యాయవంతుడన్నది వారి వాదము. ఆ మాట సత్యమే. అయితే ఆ సత్యమును నిలుపుటకు, యోబు చేయని పాపములను చేసినట్టుగా కల్పించి చెప్పిరి. అప్పుడు యోబు వారిని అడిగిన ప్రశ్న గొప్పది: దేవుని పక్షమున అబద్ధము పలుకుదురా? ఆయన మిమ్మును పరీక్షించినయెడల మీకు మేలగునా? (13:7–9). గ్రంథము చివర దేవుడు తన్ను సమర్థించిన ఆ ముగ్గురిమీద కోపించెను, తన్ను నిలదీసిన యోబును సమర్థించెను (42:7). సత్యమునకు అబద్ధపు ఊతకర్ర అక్కరలేదు. ఊతగా పెట్టినవాడు సత్యమును అవమానపరచుచున్నాడు.

దీనిని మూడు విధములుగా చూడవచ్చును.

మొదటిది, ఓడినవాని సంగతి. గెలిచినవాడు స్థలము తీసికొని పోవును. ఓడినవాడు ఇంటికి ఏమి తీసికొని పోవును? తాను ఎందుకు ఓడెనో చెప్పు కారణములు మాత్రమే. ఆ కారణములు నిజమైనవైతే, అతడు ఏడ్చినను, నా మాట విన్నారు, తూచినారు, నా పక్షము తేలిపోయినది అని చెప్పుకొనగలడు. అవి కల్పితములైతే అతని మాట ఎవరును తూచలేదు. తూనికరాయియే లేదు. దొంగరాళ్లు సంచిలో ఉంచుకొనుటను దేవుడు అసహ్యించుకొనునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీ. 25:13–16). దొంగరాయితో తూచినప్పుడు ఒకసారి తూకము సరిపోయినను, ఆ రాయి మంచి రాయి కాదు.

రెండవది, తరువాత వచ్చువారి సంగతి. మన న్యాయపద్ధతిలో నిన్నటి తీర్పు రేపటి తీర్పునకు దారి చూపును. వకీళ్లు దానిని సైటేషను అందురు. ఇది నిజాంసాగరు కాలువ వంటిది. తూము దగ్గర కలిసినది చివరి మడి వరకు పారును. ఒక ఉత్తర్వులో దూరిన లేని తీర్పును మరియొక వకీలు నమ్మి ఎత్తి వ్రాయును, ఇంకొక కోర్టు దానిమీద ఆధారపడును. పది ఏండ్ల తరువాత ఎక్కడో ఒక విధవరాలు తన పొలము పోగొట్టుకొన్నప్పుడు, ఆ అబద్ధము ఎక్కడ పుట్టెనో కనుగొనువాడు ఉండడు.

మూడవది, ప్రమాణము చేసినవాని సంగతి. న్యాయాధిపతి రాజ్యాంగమునకు లోబడి ప్రమాణము చేసి ఆసనమెక్కును. వకీలు దరఖాస్తుమీద తన పేరు వ్రాసి సంతకము పెట్టును. సంతకమనగా, ఇది నేను చూచితిని, దీనికి నేను జవాబుదారిని అని చెప్పుట. యంత్రము ప్రమాణము చేయలేదు. దానికి మనస్సాక్షి లేదు, సిగ్గు లేదు, జైలు లేదు, తీర్పు దినము లేదు. జవాబు చెప్పలేనిదానికి జవాబుదారీని అప్పగించుట ఎట్లు? వ్యర్థమైన ప్రతి మాటకును మనుష్యుడు లెక్క అప్పగింపవలెనని మన ప్రభువు చెప్పెను (మత్తయి 12:36). లెక్క అడుగబడునది మనిషిని.

గుమాస్తాకును యంత్రమునకును భేదమేమి?

ఒక వకీలు ఇట్లనవచ్చును: ముందునుండియు నా గుమాస్తా వ్రాసినదానిమీదను, నా జూనియరు వెదకి తెచ్చినదానిమీదను సంతకము పెట్టుచునే యున్నాను. యంత్రము మరియొక గుమాస్తా కాదా?

సరియే, ఒక విధముగా గుమాస్తాయే. అందుకే గుమాస్తా పనిని చూడవలసినట్లే దాని పనిని చూడవలెను. అయితే భేదము కలదు. గుమాస్తాను పిలిచి, ఈ తీర్పు ఎక్కడ చదివితివి, పుస్తకము తెమ్ము అని అడుగవచ్చును. చదువనివాడైతే తడబడును. అతనికి ఉద్యోగభయము ఉన్నది, పరువు ఉన్నది, ఇంట్లో పిల్లలు ఉన్నారు. ఇవి అతని నాలుకకు కళ్లెములు. యంత్రమునకు ఈ కళ్లెములు ఒక్కటియు లేవు. గనుక గుమాస్తాను పది పాళ్లు పరీక్షించినచోట యంత్రమును నూరు పాళ్లు పరీక్షింపవలెను. సుప్రీంకోర్టు తీర్పులను ఎవరైనను ఉచితముగా చూచుటకు 2023 జనవరినుండి ఇ-ఎస్‌సీఆర్ అను ఏర్పాటు ఉన్నది. ఒక తీర్పు ఉన్నదో లేదో చూచుటకు గడియలు పట్టవు, నిమిషములు చాలును. గిల్గాలు పెద్దలకు మూడు దినములైనను కావలసియుండెను. మన వకీళ్లకు ఆ సాకు కూడ లేదు.

యిత్రో చెప్పిన హద్దు

అట్లయితే ఈ యంత్రమును కోర్టు ఆవరణలోనికి రానియ్యకూడదా? నేను అట్లు చెప్పుట లేదు. మన దేశపు న్యాయస్థానములలో 5 కోట్లకు పైగా కేసులు నిలిచియున్నవి. ఉదయమునుండి సాయంకాలమువరకు మోషే ఒక్కడే కూర్చుండగా ప్రజలు ఆయన చుట్టు నిలిచియుండుట చూచి యిత్రో, నీవును ఈ జనులును నలిగిపోవుదురని చెప్పెను. సహాయకులను పెట్టుకొమ్మనెను. అలసిన న్యాయాధిపతికి సహాయము చేయుట దేవుని చిత్తమునకు విరోధము కాదు.

అయితే యిత్రో సహాయకుల గుణములను కూడ చెప్పెను. సామర్థ్యము కావలెను, దైవభయము కావలెను, సత్యమునందు ఆసక్తి కావలెను, లంచమును అసహ్యించుకొనవలెను. యంత్రమును ఈ నాలుగింటితో కొలువుడి. సామర్థ్యము కలదు. లంచము తీసికొనదు, నిజమే. దైవభయము లేదు. సత్యాసక్తి లేదు. నాలుగింట రెండు లేనివానిని యిత్రో న్యాయపీఠముమీద కూర్చుండబెట్టియుండడు. నీళ్లు మోయుటకు, కాగితములు సర్దుటకు పెట్టుకొనియుండును.

కేరళ హైకోర్టు 2025 జూలైలో తన క్రింది కోర్టులకు ఇచ్చిన నియమములు ఈ హద్దునే గీసినవి. నిర్ధారణకు వచ్చుటకు గాని, ఉత్తర్వు ఇచ్చుటకు గాని, తీర్పు వ్రాయుటకు గాని ఏఐని వాడరాదు. అనువాదము వంటి పనులకు వాడినను, మనిషి దానిని సరిచూడవలెను.

అనువాదపు మాట వచ్చినది గనుక అందులోని మేలును చెప్పవలెను. ఇంగ్లీషు తీర్పు తెలుగులోనికి వచ్చుట మన ప్రజలకు చిన్న మేలు కాదు. తన జీవితమునుగూర్చి వ్రాసిన కాగితమును తాను చదువలేక ఇతరుల నోటికొరకు కాచుకొనుట ఎంత దైన్యమో, కోర్టు నోటీసు పట్టుకొని వచ్చిన ముసలివాని కన్నులలో చూడవచ్చును. సుప్రీంకోర్టు 2019లో సువాస్ అను అనువాద యంత్రమును ప్రవేశపెట్టెను. అది తెలుగులోనికి కూడ అనువదించును. ఎజ్రా కాలమున ధర్మశాస్త్రమును చదివినవారు జనులకు అర్థము చెప్పుచు వచ్చిరని చదువుచున్నాము గదా (నెహెమ్యా 8:8). ఇది అట్టి సేవ. అయినను ఇక్కడ కూడ కాపలా కావలెను. కోర్టు ఇంగ్లీషులో లీవ్ గ్రాంటెడ్ అనగా అప్పీలు చేసికొనుటకు అనుమతి దొరికినది అని అర్థము. యంత్రము దానిని హిందీలో సెలవు దొరికినదని అనువదించినట్లు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తియే ఒకప్పుడు ఉదాహరణగా చెప్పిరి. వినుటకు నవ్వు వచ్చును. అప్పీలు గడువు లెక్కించుకొనుచున్నవానికి నవ్వు రాదు.

రహస్యము కాపాడుట

మరియొక సంగతి మన స్త్రీలు ప్రత్యేకముగా వినవలసినది. వకీలుతో చెప్పుకొన్న మాట బయటికి రాకూడదని మన చట్టము చాల కాలమునుండి చెప్పుచున్నది. 1872 నాటి సాక్ష్యచట్టములో ఈ రక్షణ ఉండెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో కూడ 132వ సెక్షనులో అది ఉన్నది. భర్త కొట్టిన సంగతి, బిడ్డకు జరిగిన అవమానము, అప్పుల సంగతి, రోగపు సంగతి, ఇవన్నియు కక్షిదారు వకీలు చెవిలో నమ్మి పోసినవి.

వకీలు ఆ మాటలను పేర్లతోను ఊరితోను సహా, ఎవరైనను వాడుకొను ఏఐ యంత్రములో వ్రాసినయెడల, అవి అతని గది దాటి ఎక్కడనో ఉన్న కంపెనీ కంప్యూటర్లలోనికి పోవును. అతడు తిరిగి పిలిచినను అవి వచ్చునని నమ్మకము లేదు. నీ పొరుగువానితో వ్యాజ్యెమాడుము గాని పరుల గుట్టు బయటపెట్టవద్దు అను బుద్ధి సామెతల గ్రంథములో కలదు (25:9 చూడుడి). ఏ స్త్రీయైనను వకీలును, అయ్యా నా పేరు ఆ యంత్రములో వ్రాయుచున్నారా అని అడుగుటలో మర్యాదకు భంగము లేదు. మంచి వకీలు అందుకు కోపపడడు.

మనము చేయవలసినది

మనము వకీళ్లము కాము, న్యాయాధిపతులము కాము. అయినను మనకు పని కలదు.

సెల్‌ఫోను చెప్పిన న్యాయము విని దావా వేయుట గాని, ఉన్న హక్కును వదలుకొనుట గాని చేయకుడి. అది మీ కాగితములు చూడలేదు, మీ పొలము చూడలేదు, మీ గడువు ఎన్నడు ముగియునో దానికి చింత లేదు. నోటీసులోని కఠినమైన మాటకు అర్థము తెలిసికొనుటకు, వకీలును ఏమి అడుగవలెనో వరుస వేసికొనుటకు దానిని వాడుకొనిన తప్పు లేదు. తరువాత మనిషి యొద్దకు వెళ్లుడి.

ఫీజు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములకు తెగలకు చెందినవారికి, నిర్బంధములో ఉన్నవారికి, మరికొందరికి ఉచితముగా వకీలును ఇచ్చెదరు. స్త్రీకి ఆస్తి ఉన్నదా లేదా, సంపాదన ఎంత అని చూడరు. 15100 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. ఉచిత వకీలు ఉండగా ఉచిత యంత్రముచేత మోసపోనక్కరలేదు.

మీ వకీలు మీ పక్షమున ఒక తీర్పు చూపినప్పుడు, దీనిని మీరు చదివితిరా, నాకు ఒక ప్రతి ఇచ్చెదరా అని వినయముగా అడుగుడి. ఎదుటి పక్షమువారు చూపినదానిని చదివి చూచిరా అని కూడ అడుగుడి. మొదట వాదించినవాని మాట సరియే అనిపించును, పొరుగువాడు వచ్చి పరిశోధించిన తరువాతనే బయటపడునని సొలొమోను ఎరిగియుండెను (సామెతలు 18:17).

ఇక మన హృదయములను కూడ పరీక్షించుకొందము. చూడని పంచనామామీద సంతకము పెట్టువారు మనలో లేరా? గెట్టు ఎక్కడ ఉండెనో ఎరుగక, బంధుత్వముకొరకు సాక్ష్యము చెప్పువారు లేరా? చదువని కాగితముమీద వేలిముద్ర వేసి, వేయించి, రేపు చూచుకొందములే అనువారు లేరా? యంత్రము మన మధ్యకు తెచ్చిన శోధన క్రొత్తది కాదు. చూడనిదానిని చూచితిమని చెప్పు పాత శోధనయే. యెజెబెలుకు యంత్రము లేదు. రాజముద్ర వేసిన ఉత్తరములును, ఇద్దరు దొంగ సాక్షులును చాలిరి. నాబోతు ద్రాక్షతోటయు పోయెను, ప్రాణమును పోయెను (1 రాజులు 21). ఆ ఊరి పెద్దలలో ఒక్కడైనను, ఈ ఉత్తరము నిజముగా రాజు వ్రాసినదా అని అడిగియుండినయెడల!

ప్రసంగపీఠమునకును ఇదే నియమము. యంత్రము వ్రాసిన ప్రసంగమును చదువువాడు, అందులోని వాక్యభాగములు గ్రంథములో ఉన్నవో లేవో విప్పి చూడవలెను. పౌలు చెప్పినదానినే లేఖనములలో వెదకి చూచిన బెరయవారిని గ్రంథము మెచ్చుకొన్నది (అపొ. 17:11).

గిబియోను కథలో చివర ఒక మాట ఉన్నది. మోసము బయటపడినప్పుడు ఇశ్రాయేలు పెద్దలు, మమ్మును రొట్టె మోసపుచ్చినది గనుక ప్రమాణము చెల్లదు అనలేదు. సమాజమంతయు సణిగినను, మేము ప్రమాణము చేసితిమి అని దాని భారమును తామే మోసిరి. తరువాత గిబియోనుమీదికి శత్రువులు వచ్చినప్పుడు యెహోషువ రాత్రి అంతయు నడచి వెళ్లి వారిని కాపాడెను. పరీక్షింపకపోవుట వారి లోపము. సాకు చెప్పకపోవుట వారి గౌరవము. యంత్రము చెప్పినది, నేను నమ్మితిని అనుట ఈనాటి సాకు. రొట్టెకు శిక్ష లేదు. చేయి యెత్తి ప్రమాణము చేసినవాడే జవాబు చెప్పవలెను. తీతుకు వ్రాసిన పత్రికలో పౌలు, న్యాయశాస్త్రము తెలిసిన జేనాను ప్రేమతో సాగనంపుమని వ్రాసెను (3:13). అట్టి నమ్మకమైన వకీళ్లు మన బాన్సువాడలోను, కామారెడ్డిలోను, ప్రతి కోర్టులోను వృద్ధిపొందవలెను. మన పిల్లలలో ఒకరిద్దరు ఆ వృత్తిలోనికి వెళ్లి, చూచినదానిమీదనే సంతకము పెట్టువారు కావలెను.

ప్రార్థింతము: న్యాయవంతుడవైన తండ్రీ, పీఠముమీద కూర్చుండువారికి ఓర్పును, వాదించువారికి సత్యమును, సాక్ష్యము చెప్పువారికి భయమును దయచేయుము. క్రొత్త పనిముట్లను సేవకులుగా ఉంచుకొను జ్ఞానమును మాకు ఇమ్ము. బీదవాని మాట తూచబడునట్లు చేయుము. యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.